భీమవరం నుంచి పెర్ల్ రివర్ దాకా – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

పిల్లలూ! రేపు పొద్దున్న గిన్నెలో సీరియల్ పోసుకునేటప్పుడు ఆ డబ్బాను ఒకసారి పక్కకు తిప్పి, చిన్న అక్షరాల్లో ఉన్న పట్టిక చదవండి. ఇనుము, రకరకాల బి విటమిన్ల పక్కన ఫోలిక్ యాసిడ్ అనే పేరు కనబడుతుంది. పోషకాలు చేర్చి అమ్మే గోధుమ పిండి, బ్రెడ్డు, పాస్తా వంటి వాటిలో దీన్ని తప్పకుండా కలపాలని 1998 నుంచి అమెరికాలో నియమం ఉంది. అమ్మ కడుపులో ఉన్న పాపాయికి మెదడు, వెన్నుపాము సరిగా ఏర్పడటానికి ఇది చాలా అవసరం. మీరు పుట్టకముందు మీ అమ్మగారికి కూడా డాక్టరు ఈ మాత్రలు రాసిచ్చే ఉంటారు.

ఈ ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసే దారి కనిపెట్టిన బృందానికి నాయకుడు ఎవరో తెలుసా? మన తెలుగువాడే! గోదావరి సీమలోని భీమవరంలో పుట్టి, మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేకపోయిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

పెద్దలకు కూడా ఒక మాట. మనలో చాలామందిమి ఇక్కడ పెద్ద పెద్ద కంపెనీలలో పనిచేస్తున్నాం. ఒక కొత్త ఆలోచన మొలకెత్తేటప్పుడు ఎంత బలహీనంగా ఉంటుందో మనకు అనుభవమే. దానివల్ల లాభమెంత, ఎప్పటికి పూర్తవుతుంది, అసలు అవుతుందా అని పైవాళ్లు అడిగితే ఆ దశలో ఎవరి దగ్గరా జవాబు ఉండదు. సుబ్బారావు గారు తన జీవితంలో చివరి ఎనిమిదేళ్లు ఒక పెద్ద మందుల కంపెనీలో ఇలాంటి మొలకలకు నీళ్లు పోశారు. ఆయన శాస్త్రవేత్త అని మనం చెప్పుకుంటాం గానీ, ఈ సంగతి అంతగా చెప్పుకోం. అందుకే ఈ వ్యాసం.

బాల్యం, చదువు

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో ఆయన నాలుగోవారు. కుటుంబానికి కలిమి తక్కువ. పదమూడేళ్ల వయసులో ఆయన ఇల్లు విడిచి కాశీకి బయలుదేరారు. అక్కడ యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఆ పసివాడి ఆలోచన! పెద్దవాళ్లు దారిలోనే పట్టుకుని ఇంటికి తీసుకొచ్చారు. తల్లి పట్టుదలగా మళ్లీ బడికి పంపింది. అయినవాళ్ల మరణాలతో చదువు కుంటుపడింది. మెట్రిక్యులేషన్ చివరికి మద్రాసు హిందూ హైస్కూలులో మూడో ప్రయత్నంలో పూర్తయింది.

తర్వాత రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం తీసుకోవాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. జనానికి సేవ చేసే మరో దారిగా వైద్యం చదవడానికి మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో శేషగిరి గారితో వివాహమైంది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు చదువుకు ఆసరాగా నిలిచారు. అవి స్వదేశీ ఉద్యమం రోజులు. సుబ్బారావు గారు ఖద్దరు దుస్తులతో శస్త్రచికిత్స తరగతికి వెళ్లడం ఆంగ్లేయ ప్రొఫెసరుకు నచ్చలేదు. పరీక్షలు బాగానే రాసినా చివరికి ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికొచ్చింది.

ఆ రోజుల్లోనే ఇంట్లో పిడుగు పడింది. స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాతో కన్నుమూశారు. ఆ జబ్బు వచ్చినవారికి తిన్నది ఒంటబట్టదు, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎండిపోతాడు. అప్పటి డాక్టర్ల దగ్గర దానికి మందు లేదు. సుబ్బారావు గారికి కూడా ఆ జబ్బు సోకింది. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో ఆయన బతికి బయటపడ్డారు. చదివిన వైద్యం తన వాళ్లను కాపాడలేకపోయిందన్న బాధ మాత్రం ఆయన మనసులో నాటుకుపోయింది. కొన్నాళ్లు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించారు. తర్వాత కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఆశ్వాసంతో, మామగారు కూడబెట్టిన డబ్బుతో 1920ల తొలినాళ్లలో ఓడెక్కి అమెరికాలోని బోస్టన్ చేరారు. నిండు చూలాలైన భార్యను పుట్టింట్లో వదిలి వచ్చారు. కొద్దికాలంలోనే తిరిగి వస్తానన్నది ఆయన నమ్మకం.

హార్వర్డ్‌లో

ఇక్కడ ఆయన డిగ్రీకి విలువ లేదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశపు వ్యాధుల మీద చదువుకుంటూ, రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేశారు. డిప్లొమా పూర్తయ్యాక సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసరు దగ్గర జీవరసాయన శాఖలో చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే సులువైన పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది వైద్య విద్యార్థుల పుస్తకాల్లోకి ఎక్కింది. ఆ పద్ధతి సాయంతోనే 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని గుర్తించారు. మీరు పరుగెత్తినా, రెప్ప వాల్చినా ఒంట్లో ఖర్చయ్యే శక్తికి నాణెం లాంటిది ఈ ఏ.టి.పి. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ అనే శాస్త్రవేత్త కూడా దాన్ని విడిగా కనుగొన్నారు.

1930లో పిహెచ్.డి. వచ్చింది. పేరూ వచ్చింది. హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం మాత్రం రాలేదు. స్వదేశంలో పుట్టిన కొడుకు తండ్రి ముఖం చూడకుండానే పసితనంలోనే పోయాడు. ఎక్కడ చూసినా వెలితే. అయినా ఆయన లివర్ సారంలో ఉన్న విటమిన్లను ఒక్కొక్కటిగా విడదీసే పనిలో మునిగిపోయారు. రక్తహీనత ఉన్నవాళ్లకు లివర్ తినిపిస్తే మేలు జరుగుతుందని అప్పటికే తెలుసు. అందులో ఏముండి మేలు చేస్తోందన్నదే తేలాలి.

కంపెనీలో కొత్త కొలువు

1940లో సుబ్బారావు గారు విశ్వవిద్యాలయం వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు మారారు. అది అమెరికన్ సయనమిడ్ అనే పెద్ద రసాయనాల కంపెనీలో ఒక భాగం. టీకాలు, సీరం మందులు, లివర్ సారం ఇంజెక్షన్లు అమ్మడం దాని వ్యాపారం. కొద్ది కాలంలోనే పరిశోధన విభాగం మొత్తానికి ఆయన డైరెక్టర్ అయ్యారు. అంతవరకు తన బల్ల దగ్గర తాను పనిచేసుకున్న మనిషి ఇప్పుడు పదిమంది బల్లల సంగతి చూడాలి. ఏ పనికి మనుషులనివ్వాలి, దేన్ని ఇంకొన్నాళ్లు ఆగనివ్వాలి, దేన్ని వదిలెయ్యాలి – ఇవన్నీ ఆయన తేల్చవలసిన విషయాలు.

ఫోలిక్ యాసిడ్ సంగతే చూడండి. గర్భిణులైన పేద మిల్లు కూలీలకు వచ్చే ఒక రకం రక్తహీనత ఈస్టు తినిపిస్తే తగ్గుతోందని లూసీ విల్స్ అనే ఆంగ్లేయ వైద్యురాలు 1930 ప్రాంతంలో మన బొంబాయిలోనే గమనించారు. అందులోని పదార్థం ఏమిటో ఎవరికీ తెలియదు. 1941లో టెక్సాస్ శాస్త్రవేత్తలు దాన్ని వెతుకుతూ నాలుగు టన్నుల పాలకూర నుంచి కొద్దిపాటి పదార్థం రాబట్టి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. నాలుగు టన్నుల ఆకుకూర నుంచి చిటికెడు! ఇలాంటిదాన్ని మందుగా అమ్మగలమని ఆ రోజు ఏ లెక్కల మనిషి ఒప్పుకుంటాడు? పైగా ఆ ఏడాది చివరికి అమెరికా యుద్ధంలో దిగింది. సైన్యానికి ప్లాస్మా, టీకాలు, పెన్సిలిన్ కావాలి. అవన్నీ చేస్తూనే ఈ పనిని ఆరనివ్వకుండా నిలబెట్టారు.

ఆయన బృందం పని నడిపిన తీరులో మూడు విషయాలు గమనించదగ్గవి.

మొదటిది, చిన్న పరీక్ష. ఒక సారంలో ఫోలిక్ యాసిడ్ ఉందో లేదో రోగికిచ్చి చూడాలంటే నెలలు పడుతుంది. లాక్టోబాసిల్లస్ కేసీ అనే సూక్ష్మజీవి ఆ విటమిన్ ఉంటేనే పెరుగుతుంది. సారం చుక్క వేసి ఆ జీవి పెరిగిందా లేదా చూస్తే చాలు, కొద్ది రోజుల్లో తెలిసిపోతుంది. తప్పు దారి అయితే తొందరగా తెలుస్తుంది, ఖర్చు కూడా తక్కువ. తొలి దశలో ఉన్న ఆలోచనకు ఇంతకంటే మంచి సాయం లేదు.

రెండోది, గోడలు దాటడం. ఆ కంపెనీకే న్యూజెర్సీలోని బౌండ్ బ్రూక్‌లో రంగుల తయారీ విభాగం ఉంది. బట్టల రంగులు చేసే రసాయన శాస్త్రజ్ఞులకు విటమిన్లతో ఏం పని అనుకుంటాం. కానీ చిక్కుముడి లాంటి అణువులను కట్టడంలో వాళ్లు సిద్ధహస్తులు. రెండు చోట్లవాళ్లూ కలిసి పనిచేసి, 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేశారు. ఇక టన్నుల కొద్దీ పాలకూరతో పని లేదు!

మూడోది, పేరు పంచడం. ఆ విజయం ప్రకటించిన వ్యాసంలో పదిహేనుమందికి పైగా పేర్లున్నాయి. డైరెక్టరైన సుబ్బారావు గారి పేరు మొదట లేదు. తన బృందంలో అక్షరక్రమం ప్రకారం ఎక్కడ రావాలో అక్కడే ఉంది.

ఆ మరుసటి ఏడాదికే స్ప్రూ రోగుల రక్తహీనతకు ఫోలిక్ యాసిడ్ చక్కగా పనిచేస్తోందని వైద్యులు చూపించారు. ఏ జబ్బు తన అన్నదమ్ములను తీసుకుపోయిందో ఆ జబ్బుకు పాతికేళ్ల తర్వాత ఆయన బృందం చేసిన మందు పనికొచ్చింది.

ఒక వైఫల్యం నేర్పిన పాఠం

పిల్లలూ, ఇప్పుడు చెప్పబోయేది కొంచెం బాధ కలిగించే కథే, అయినా తెలుసుకోవాలి. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా, అంటే రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు మందు వెతుకుతున్నారు. అప్పట్లో ఆ జబ్బు వస్తే కొద్ది వారాలు, నెలలే. ఫోలిక్ యాసిడ్‌కు దగ్గర చుట్టాలైన కొన్ని పదార్థాలను లెడర్లీ ఆయనకు అందించింది. వాటిలో ఒకటి టెరాప్టెరిన్. బేస్‌బాల్ వీరుడు బేబ్ రూత్ పేరు మీరు వినే ఉంటారు. 1947లో ఆయన గొంతు క్యాన్సర్‌కు కూడా ఇదే ఇచ్చారు. కొన్నాళ్లు కోలుకున్నారు గానీ జబ్బు తిరగబెట్టి మరుసటి ఏడాది మరణించారు. ఇక లుకేమియా పిల్లల్లో అయితే ఈ పదార్థాల వల్ల జబ్బు ఇంకా వేగం పుంజుకున్నట్టు ఫార్బర్‌కు కనిపించింది.

సాధారణంగా పెద్ద సంస్థలో ఇలాంటిది జరిగితే ఏమవుతుంది? ఫైలు మూసేస్తారు. ఇక్కడ అలా జరగలేదు. ఫోలిక్ యాసిడ్ జబ్బుకు బలం ఇస్తోందంటే, దానికి ఎదురు తిరిగే పదార్థం జబ్బును ఆపాలి కదా అని ఆలోచన మళ్లింది. లెడర్లీలో సుబ్బారావు గారి బృందం అణువులో చిన్న మార్పులు చేసి ఫోలిక్ యాసిడ్‌లా కనబడుతూ దాని పని చెడగొట్టే పదార్థాలు తయారుచేసింది. తాళంలోకి దూరుతుంది గాని తిరగని దొంగ తాళంచెవి లాంటివి అన్నమాట. వాటిలో అమినాప్టెరిన్‌ను 1947 డిసెంబరు చివరలో ఫార్బర్ ఒక పసివాడికి ఇచ్చి చూశారు. 1948 జూన్‌లో వెలువడిన ఆయన నివేదికలో పదహారు మంది పిల్లల గురించి ఉంది. వారిలో పదిమందికి జబ్బు తాత్కాలికంగా తగ్గింది. తాత్కాలికమే. జబ్బు మళ్లీ తిరగబెట్టింది. అయినా లుకేమియాను మందుతో వెనక్కి తగ్గించవచ్చని లోకానికి మొదటిసారి నమ్మకం కలిగింది.

అమినాప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ కూడా ఆ ప్రయోగశాలలోనే పుట్టింది. మరికొన్ని మందులతో కలిపి పిల్లల లుకేమియా చికిత్సలో దాన్ని ఈనాటికీ వాడుతున్నారు. కీళ్లవాతానికి కూడా ఇస్తారు. అమెరికా వంటి దేశాల్లో పిల్లలకు ఎక్కువగా వచ్చే రకం లుకేమియా నుంచి నేడు పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది కోలుకుంటున్నారు.

బోదకాలు, బంగారు బూజు

యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికన్ సైనికులకు ఫైలేరియా సోకింది. గోదావరి జిల్లాలవాళ్లకు బోదకాలు గురించి వేరే చెప్పనక్కర్లేదు. దోమకాటుతో వచ్చే ఆ జబ్బుతో కాళ్లు వాచిన మనుషులను సుబ్బారావు గారు చిన్నప్పుడు చూడకుండా ఉండరు. ఇక్కడా చిన్న పరీక్షే ఆదుకుంది. అలాంటి పురుగు ఉన్న పత్తిచేల ఎలుకల మీద రకరకాల రసాయనాలు ప్రయోగించి చూడగా 1947లో హెట్రాజన్ అనే మందు దొరికింది. మన ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి పంచే డి.ఇ.సి. మాత్ర అదే!

ఇక మట్టి కథ. మట్టిలోని బూజు లాంటి సూక్ష్మజీవుల నుంచి మందులు తీయవచ్చని ఆ రోజుల్లో అందరికీ ఆశ పుట్టింది. బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రిటైరైన తర్వాత, డెబ్బై దాటిన వయసులో 1944లో లెడర్లీలో చేరి ఆ వెతుకులాట చేపట్టారు. ఆ వయసువాడిని కొత్త పనిలోకి తీసుకోవడానికి ఎన్ని కంపెనీలు ముందుకొస్తాయి? దేశం నలుమూలల నుంచి మట్టి నమూనాలు తెప్పించి చూశారు. మిస్సోరి విశ్వవిద్యాలయం పొలం నుంచి వచ్చిన మట్టిలో బంగారు రంగు పదార్థాన్నిచ్చే జీవి ఒకటి దొరికింది. దాని నుంచి వచ్చిందే ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటి మందు. అప్పటికున్న పెన్సిలిన్ లొంగదీయలేని ఎన్నో జబ్బులను ఇది లొంగదీసింది. 1994లో సూరత్‌లో ప్లేగు కలకలం రేగినప్పుడు జనం మింగినవి ఈ కుటుంబం మందులే. 1948లో దీన్ని ప్రకటించిన వ్యాసం డగ్గర్ ఒక్కరి పేరుతోనే వచ్చింది.

చివరి మాట

1948 ఆగస్టు 8న రాత్రి నిద్రపోయిన సుబ్బారావు గారు మర్నాడు లేవలేదు. గుండె ఆగిపోయింది. వయసు 53 ఏళ్లే. 1946 వరకు భారతీయులకు ఈ దేశపు పౌరసత్వం ఇచ్చే చట్టమే లేదు. చట్టం వచ్చాక కూడా ఆయన పౌరుడు కాలేదు. స్వదేశానికి ఒక్కసారైనా వెళ్లలేదు. శేషగిరి గారు పాతికేళ్లకు పైగా ఎదురుచూస్తూనే ఉండిపోయారు. ఆయన గొప్పతనం చెప్పుకునేటప్పుడు ఆ తల్లి మూల్యాన్ని మరచిపోకూడదు. ఇల్లు విడిచి దూరదేశం వచ్చిన మనకు ఆ బాధ కొంతైనా తెలుసు.

ఆయనకు నోబెల్ బహుమతి రాలేదు. పేరు పంచిపెట్టిన మనిషి పేరు లోకం తొందరగా మరచిపోయింది. ఒక శిలీంధ్రానికి ఆయన పేరు పెట్టారు. 1995లో, శతజయంతి సందర్భంగా, భారత ప్రభుత్వం తపాలా బిళ్ల వేసింది. లెడర్లీ అనే కంపెనీ కూడా తర్వాత చేతులు మారి వేరే పేర్లలో కలిసిపోయింది. ఆ ఎనిమిదేళ్లలో మొలకెత్తినవి మాత్రం మందుల దుకాణాల్లో ఇంకా ఉన్నాయి.

పెద్దలకు ఇందులో పాఠం స్పష్టమే. మన కింద పనిచేసే ఓ కుర్రాడు సగం ఆలోచనతో వస్తే వెంటనే లాభం లెక్క అడగకుండా, తక్కువ ఖర్చుతో తేల్చే చిన్న పరీక్ష ఏమిటని అడుగుదాం. అది తప్పని తేలితే, ఆ తప్పు ఏం చెబుతోందో కూర్చుని వినడానికి అరగంట ఇద్దాం. ఫలించినప్పుడు మొదటి పేరు అతనిదే రాద్దాం.

పిల్లలూ, మీకు ఒక చిన్న పని. ఈసారి లెక్కల్లోనో, తెలుగు గుణింతాల్లోనో మార్కులు తగ్గితే మెట్రిక్యులేషన్ మూడుసార్లు రాసిన ఈ భీమవరం అబ్బాయిని తలచుకోండి. తర్వాత సీరియల్ డబ్బా మీద ఆ మాట ఎక్కడుందో అమ్మమ్మకో, తాతయ్యకో చూపించి, ఈ కథ తెలుగులో మీరే చెప్పండి.